నాన్నకు తెలియకుండా ఒక ఫోటో

సరస్సు గడ్డకట్టేటప్పుడు మూలుగుతుంది.

మంచు పలక మీద మంచు పలక. ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. చోటు చాలదు. మూలిగి మూలిగి... ఒక ఉదయం ఫెళ్ళున పగులుతాయి. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా మంచు గోడ లేస్తుంది. దేవుడు సరస్సు దాటి పెళ్ళాం దగ్గరికి వెళ్ళిన దారి అంటారు మా సువా ఊళ్ళో. చిన్నప్పుడు నేనూ నమ్మాను.

ఆ ఏడు దేవుడు దాటిన ఉదయమే, డాక్టరు అమ్మనీ నన్నూ పక్కగదిలోకి పిలిచాడు.

నాన్నకి కడుపులో కాన్సరు. చెర్రీ పూసేదాకా ఉండడు.

నాన్నతో మాత్రం పుండు అన్నాడు. చల్లని పాలు తాగమన్నాడు. మా దగ్గర అంతే — చచ్చేవాడికి తప్ప అందరికీ చెబుతారు. డాక్టరు చెప్పడు. ఇంట్లోవాళ్ళు చెప్పరు. రోగి అడగడు. అందరూ కలిసి ఒక అబద్ధం మీద బొంత కప్పుకుని, దాని వెచ్చదనానికి కాళ్ళు చాపుకుని కూర్చుంటారు. మేమూ కూర్చున్నాం.

ఆసుపత్రి మెట్ల మీద అమ్మ ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుని ఆగింది.

"హత్సుయే... ఆయనది ఒక్క ఫోటో కూడా లేదే మనింట్లో."

నిజమే. లేదు.

ఊళ్ళో ఏ ఇంటికైనా వెళ్ళండి. పూజగూడు పైన, గోడకి, నల్ల అంచు చట్రంలో ఆ ఇంటి చచ్చిపోయినవాళ్ళు ఉంటారు. వాళ్ళందరి ఫోటోలూ తీసింది నాన్నే. బతికుండగా ఒక్కసారీ పట్టుబట్ట కట్టని రైతుకి, మెడ కింద పట్టు కిమోనో కుంచెతో గీసి ఇచ్చింది నాన్నే. ఉషియామా ఇసాబురో తీస్తే చచ్చినవాడు కూడా మాట్లాడేట్టుంటాడని పేరు. ఆ పేరుతోనే మా ఇంట్లో అన్నం ఉడికింది.

యుద్ధానికి వెళ్ళే కుర్రాళ్ళందర్నీ నాన్నే తీశాడు. ముందు విడతలో వెళ్ళినవాళ్ళవీ, తర్వాతి విడతల్లో వెళ్ళినవాళ్ళవీ... ఆ ఫోటోలన్నీ నల్ల అంచు చట్రాల్లోకే వెళ్ళాయి.

మా అన్నయ్య షూహేయ్‌నీ నాన్నే తీశాడు. అన్నయ్యకి పందొమ్మిది. నాకు పదిహేను. వెలుతురు ముఖం మీద పడేలా తెల్లగుడ్డ పట్టుకుని పక్కన నిలబడింది నేను.

ఏడాదికి సైన్యం నుంచి అన్నయ్య అస్థికల చెక్కపెట్టె వచ్చింది. అందులో ఎముక లేదు. గులకరాయి ఉంది.

ఆ వారంలో నాన్న తన ఫోటోలు ఏరాడు. పెళ్ళిది, తమ్ముళ్ళతో దిగినది, బడి ముందు వరసలో నిలబడినది. అన్నీ స్నానాల నీళ్ళు కాచే పొయ్యిలో పెట్టాడు. అమ్మ పెళ్ళి ఫోటో కోసం మంటలో చెయ్యి పెట్టింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

తర్వాత పద్దెనిమిదేళ్ళు నాన్న కెమెరా వెనకే ఉన్నాడు. ముందుకి రాలేదు.

ఇప్పుడు అమ్మకి ఒక ముఖం కావాలి. పొద్దున్నే అన్నం పెట్టి, గంట కొట్టి, చేతులు జోడించడానికి — ఒక ముఖం. ఆమె అడిగింది అంతే.

అంతే... కానీ ఎలా తియ్యను? జీవితమంతా చావు ఫోటోలు తీసినవాడి ముందుకి కెమెరా పట్టుకుని వెళ్ళి, 'ఒక్కసారి ఇటు చూడు నాన్నా' అంటే ఆ క్షణమే తెలిసిపోతుంది. పుండు కాదని తెలిసిపోతుంది.

ఆయనకి తెలియకూడదు. ఫోటో రావాలి.

అందుకే ఆ కెమెరా చిన్నదై ఉండాలి.

*

స్టేషను దగ్గర మొరోజుమి గారి కొట్టు. సగం కొత్త కెమెరాలు, సగం పాతవి. మధ్యలో బొగ్గుల పొయ్యి, దాని పక్కన మొరోజుమి గారు.

"ఎలాంటిది కావాలమ్మా?"

"చిన్నది. చప్పుడు చెయ్యనిది. చేతిలో ఉందని తెలియకూడదు."

ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి నన్ను ఎగాదిగా చూశారు.

"ఎవర్ని పట్టుకుందామనీ? మొగుడేమో అనుకుందామంటే నీకింకా పెళ్ళే కాలేదాయె."

"పిచ్చుకల్ని."

"ఓహో. ఈ ఊరి పిచ్చుకలకి చెవులు అంత పెద్దవని నాకు తెలీదు సుమా."

నవ్వలేదు నేను. ఆయన నవ్వు మానేసి, నల్ల గుడ్డ పరిచి, మూడు కెమెరాలు వరసగా పెట్టారు.

మొదటిది చేతికి తీసుకున్నాను. వెలుతురుకి పట్టి అద్దం చూశాను. పద్నాలుగేళ్ళుగా ఫ్యాక్టరీలో లెన్సులు సానపెడుతున్నాను. మంచి అద్దం చూస్తే నోట్లో నీళ్ళూరతాయి నాకు. ఊరాయి. కానీ వెండిలా మెరుస్తోంది. కోటు జేబులో వేస్తే జేబు వేలాడిపోయింది. కళ్ళు మూసుకుని మీట నొక్కాను. గడియ పడ్డట్టు చప్పుడు. తిరిగి గుడ్డ మీద పెట్టేశాను.

రెండోదాన్ని వాడటానికి ఏమీ తెలియనక్కర్లేదు. వెలుతురు అదే కొలుచుకుంటుంది. నొక్కితే చాలు.

"పసిపిల్లయినా తియ్యొచ్చు దీంతో," అన్నారు మొరోజుమి గారు.

కొట్టు మూలకి, నీడలోకి తిప్పి నొక్కాను. నొక్కుకోలేదు. కంటి కిటికీలో చిన్న ఎర్ర నాలుక బయటికొచ్చింది.

"వెలుతురు చాలకపోతే మొండికేస్తుందమ్మా. ఎండలో తీసుకో."

మా నాన్న ఎండలో లేడు. కాగితపు తలుపు వెనక, మంచు మీంచి వచ్చే బూడిదరంగు వెలుతురులో ఉన్నాడు. దాన్నీ పెట్టేశాను.

మూడోది...

మూడోది నా అరచేతిలో పట్టింది. నల్ల రంగు మూలల్లో అరిగి ఇత్తడి కనబడుతోంది. దూరం చేత్తోనే పెట్టుకోవాలి, వెలుతురు చేత్తోనే పెట్టుకోవాలి. మొండికెయ్యదు, అద్దం ముందుకి పొడుచుకు రాదు. ఒక బొమ్మ పట్టే చోట రెండు బొమ్మలు పడతాయి. ముప్పై ఆరు రీలుకి డెబ్భై రెండు. మామూలుగా పట్టుకుంటేనే నిలువు బొమ్మ వస్తుంది. నిలువుగా, పూజగూటి పైన పెట్టే ఫోటోలాగా.

కళ్ళు మూసుకుని నొక్కాను. చాప మీద బియ్యపు గింజ రాలినట్టుంది.

"ఇది."

"మంచి ఎంపికే. ఊరగాయ నములుతుంటే అస్సలు వినబడదు. ఇలా ఇవ్వు, రీలు వేసిస్తా."

"అక్కర్లేదు."

"మీ నాన్న గాజుపలకల మనిషి కదమ్మా. రీలు పద్ధతి వేరు. ఒక్కసారి చూపిస్తా..."

"మొరోజుమి గారూ, నేను ఫోటో స్టూడియోలో పుట్టాను."

ఆయన చెయ్యి చాపే ఉంది. నేను ఇవ్వలేదు.

ఇంటి వెనక కొట్టుగదిలో కూర్చుని వేసుకున్నాను. నాన్న పెద్ద కెమెరాలో ఏదీ తిరగదు. పలక దూర్చాలి, తెరవాలి, మూయాలి, తియ్యాలి. ఒక్కొక్క ముఖానికి ఒక్కొక్క పలక. నాకు తెలిసిన ఫోటో అదే. రీలు అంచుని చుట్టుకునే బద్ద చీలికలో దూర్చాను. మూత వేశాను. అయిపోయిందనుకున్నాను. పద్నాలుగేళ్ళు లెన్సులు రుద్దాను గాని, రీలు పట్టుకోవడం ఆరోజే మొదలు.

*

కొతాత్సుకి ఆ పక్క నాన్న. ఈ పక్క నేను. పొట్టి బల్ల, కింద కుంపటి, చుట్టూ బొంత. మధ్యలో కమలాపళ్ళ బుట్ట. నాలుగడుగుల దూరం. నాన్న నిద్రపోతున్నప్పుడు దారం పెట్టి కొలిచాను.

ఫ్యాక్టరీలో మధ్యాహ్నం షిఫ్టు అడిగి వేయించుకున్నాను. ఉదయం వెలుతురు నాది.

కుడిచెయ్యి దూదికోటు చేతిలోకి ముడుచుకుని, బుట్ట వెనక కెమెరా. కంటికి ఆనించే పని లేదు. నాలుగడుగులే కదా. మొరోజుమి గారి మాటే అమ్మకి చెప్పాను. అమ్మ పదింటి టీతో నొజావానా తెచ్చేది — ఉప్పులో ఊరిన ఆకుకూర, కొరికితే కరకరమంటుంది. నేను కనురెప్ప ఆర్పితే అమ్మ కొరకాలి. అమ్మ కొరికితే నేను నొక్కాలి.

అమ్మ కొరికింది. నేను నొక్కాను.

నాన్న కమలాపండు తొక్క తీస్తున్నాడు... నొక్కాను. తొనలకున్న తెల్లనారు ఒక్కొక్కటీ లాగుతున్నాడు... నొక్కాను. పాలగ్లాసు పట్టుకుని కాగితపు తలుపు వైపు చూస్తున్నాడు... నొక్కాను.

"ఈమధ్య నీకు ఆకలి ఎక్కువైందేమే?" అన్నాడు నాన్న అమ్మతో. "మేక తిన్నట్టు తింటున్నావు."

"మంచి ఊరగాయ కుదిరింది ఈ ఏడు. మీకేం తెలుసు?" అంది అమ్మ, ఇంకో గుప్పెడు నోట్లో పెట్టుకుని.

నాన్న నవ్వాడు. ముందరి పన్ను ఒకటి లేదని నాకు అప్పుడు తెలిసింది. ముప్పై నాలుగేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నాను. నొక్కాను.

ఇంకొకరోజు అమ్మ సరస్సు సంగతి ఎత్తింది. దేవుడు ఈసారి పెందలాడే దాటాడని గుడివాళ్ళు చెప్పారంది.

"తెలివైనవాడు," అన్నాడు నాన్న. "ఎవరి కంటా పడకుండా దాటేశాడు. ఫోటో తీసేవాడు దొరకలేదు చూడు."

నేను కెమెరాని బుట్ట వెనక్కి ఇంకాస్త జరిపాను. కానీ ఆయన కమలాపండు వైపే చూస్తున్నాడు.

రోజులు గడిచాయి. నాన్న ముఖం మీద మాంసం తగ్గుతోంది. ఎముక పైకి వస్తోంది. ఎముక పైకి వచ్చేకొద్దీ అన్నయ్య బయటికొస్తున్నాడు. ఆ చెవులు అన్నయ్యవి. ఆ చెక్కిలి అన్నయ్యది. నేను నాన్నని అంతగా ఎన్నడూ చూడలేదు. ఆయనా నన్ను చూసింది లేదు. అన్నయ్య పోయాక నేను ఈ ఇంట్లో గోడకి చేరగిలబెట్టిన తెల్లగుడ్డలా బతికాను. ఇప్పుడు దొంగచాటుగా చూసుకుంటున్నాను మా నాన్నని. సంతోషంగా ఉంది. చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది గాని... సంతోషంగానే ఉంది.

ఎన్ని తీశానో చూపే అంకెల పళ్ళెం డెబ్భై రెండు దాటింది. రీలు తిప్పే మీట ఇంకా తిరుగుతోంది. మొరోజుమి గారు కొసరు వేసి చుట్టారేమో అనుకున్నాను. ఎంత మంచివారో అనుకున్నాను.

*

ఫిబ్రవరి ఆఖరు ఆదివారం. అమ్మ చేపల కోసం బజారుకి వెళ్ళింది. నాన్నా నేనూ.

"ఎన్నయ్యాయి?" అన్నాడు నాన్న.

"ఏంటి నాన్నా?"

"ఆ బుట్ట వెనక ఉన్నదే. ఎన్ని తీశావు?"

చెయ్యి కోటులోకి లాక్కున్నాను. ఆయన నవ్వాడు.

"పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగితే ఎవరికీ కనబడదా? చెప్పు. ఎన్ని?"

"...తొంభై నాలుగు."

"డెబ్భై రెండు రీలులో తొంభై నాలుగు! నాకు చేతకాలేదమ్మా అంత విద్య. ఎడమ పక్క, పైన, చిన్న పిడి ఉంది చూడు. రీలు కదిలితే అదీ తిరగాలి. నువ్వు కుడిచెయ్యి దాచుకున్నావు. ఎడమపక్క నాకు రోజూ కనబడుతూనే ఉంది. ఒక్కరోజు తిరగలేదది."

చూశాను. బొటనవేలితో మీట తిప్పాను. ఎడమ పక్క పిడి కదల్లేదు. ఇంకోసారి తిప్పాను. కదల్లేదు.

పన్ను లేని నవ్వు లేదు. కమలాపండు లేదు. అన్నయ్య చెవులు లేవు.

"ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదటిరోజు నుంచీ."

"మొదటిరోజే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే సరిగ్గా వేసుకునేదానివి."

కుంపటిలో బొగ్గు చిటపటమంది. నాన్న పాలగ్లాసు దూరంగా జరిపాడు. అప్పుడన్నాడు, మామూలుగా, కొట్టుకొచ్చినవాళ్ళతో బేరం చెప్పినట్టు.

"పుండుకి ఎవరూ ఫోటో తియ్యరు హత్సుయే."

నలభై రోజులు. నలభై రోజులు ఆయన ఆ చల్లని పాలు తాగాడు. కొంచెం తగ్గినట్టుందని అమ్మతో అన్నాడు. మేము కప్పిన బొంత కిందే, మాతోపాటే కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. ఆ కబురు ఆయనకి డాక్టరు చెప్పలేదు. అమ్మ చెప్పలేదు. నేను ఏరి ఏరి తెచ్చిన ఆ చిన్న కెమెరా చెప్పింది.

"మీ అమ్మకి తెలియనివ్వకు. నాకు తెలియదనుకునే ఆమె తిండి తింటోంది."

జాలి కలగాలి నాకు. కోపం వచ్చింది. ఒళ్ళంతా కోపం.

"అమ్మకి ఏం మిగుల్చుతున్నావు? పొద్దున్నే దేనికి అన్నం పెట్టుకోవాలి?"

"షూహేయ్‌ది ఉందిగా. ఎంత బాగా వచ్చిందో అంటారు చూసినవాళ్ళంతా. ఆమె దానికి అన్నం పెట్టి పెట్టి ఏం బావుకుంది?"

"అది నీ సంగతి. నువ్వు తీశావు కాబట్టి అన్నయ్య పోయాడని నువ్వు అనుకుంటావు. ఆమె అనుకోలేదు. ఎప్పుడూ అనలేదు."

నాన్న చెయ్యి చాపాడు. "ఇటివ్వు."

ఇచ్చాను. మూత తెరిచాడు. మొదటి చుట్టు కూడా వదలని రీలు, కొన్ననాటిలాగే ఉంది. ఎండుపుల్లల్లాంటి వేళ్ళతో అంచు లాగి, చీలికలో దూర్చి, ఒక చుట్టు తిప్పి బిగిసిందో లేదో చూసి, మూత వేశాడు. మీట తిప్పాడు. ఎడమ పక్క పిడి తిరిగింది.

"చూశావా? ఇలా."

చూశాను. ఇప్పుడిస్తాడనుకున్నాను. ఇటు తిరిగి కూర్చుంటాడనుకున్నాను. ఒక్కటి తీసుకోనిస్తాడని... ఆ ఒక్క క్షణం నిజంగానే అనుకున్నాను.

కెమెరా ఆయన కంటికి ఆనింది.

"సరిగ్గా కూర్చో. గడ్డం కొంచెం దించు. అక్కడ కాదు, ఇక్కడ చూడు. రెప్ప వెయ్యకు."

షూహేయ్‌కి చెప్పిన మాటలు. ఊరి కుర్రాళ్ళందరికీ చెప్పిన మాటలు. ఒక్క అక్షరం మారలేదు.

"నాన్నా, వద్దు."

బియ్యపు గింజ రాలింది.

"నీదైపోయింది," అన్నాడు, కెమెరా బల్ల మీద పెడుతూ. "నీకు మొగుడా, పిల్లలా? మేము పోయాక నీకెవరు తీస్తారు? ఇక ఆ బెంగ లేదు."

గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

రీలులో ఇంకా డెబ్భై ఒకటి ఉన్నాయి. ఆ తర్వాత నేను కెమెరా తీసినప్పుడల్లా ఆయన బొంత ముఖం మీదికి లాక్కున్నాడు. అమ్మ చూస్తే చలేస్తోందనేవాడు. అమ్మ ఇంకో బొంత తెచ్చి కప్పేది. నేను చూస్తూ కూర్చునేదాన్ని.

*

మార్చి మధ్యలో పోయాడు. సరస్సు మీద మంచు లేదప్పటికి. నీళ్ళు నీళ్ళలా ఉన్నాయి.

శవానికి తెల్లబట్టలు మారుస్తూ అమ్మ అడిగింది.

"ఆ రీలు కడిగించావా?"

ఏం చెప్పను? ఆయనకి తెలుసని చెప్పకూడదు. నలభై రోజులు ఆమె పళ్ళు అరిగేలా నమిలింది వృథా అని చెప్పాలి.

"రీలు సరిగ్గా వెయ్యలేదమ్మా. నాకు చేతకాలేదు. ఏమీ పడలేదు."

అమ్మ చేతులు ఆగాయి.

"ఒక్కటీ?"

"ఒక్కటీ."

"ఫోటోగ్రాఫరు కూతురివి," అంది అమ్మ. మళ్ళీ తెల్లబట్ట ముడి వెయ్యసాగింది. అరిచి, కొట్టి ఉంటే బాగుండేది.

ఊరంతా వచ్చింది. అగరువత్తులు వెలిగించి, వంగి, పైకి చూశారు. పూలున్నాయి. నల్ల రిబ్బను కట్టిన చట్రముంది. చట్రంలో తెల్లకాగితముంది. అమ్మ పట్టుబట్టి ఖాళీ చట్రమే పెట్టించింది. ఎవరో ఒకావిడ వాకిట్లో చెప్పులు వేసుకుంటూ అనడం నాకు వినబడింది.

"ఊరందరికీ తీశాడు గదా... సొంత మనిషికి ఒక్కటి తీసిపెట్టుకోలేకపోయారా వీళ్ళు?"

మామూలుగా ఇంటి కూతురు ఫోటో పట్టుకుని శవం వెంట నడుస్తుంది. నేను ఆ తెల్లకాగితం పట్టుకుని నడిచాను. గాలికి రిబ్బను నా ముఖానికి తగులుతూనే ఉంది.

నెల తర్వాత మొరోజుమి గారు కబురు పంపారు. రీలు కడగమని ఆయనకే ఇచ్చాను. ఎందుకిచ్చానో తెలియదు.

"ఒక్కటే ఉందమ్మా ఇందులో. మిగతాదంతా ఖాళీ. కానీ ఆ ఒక్కటి... ఎవరు తీశారు?"

"నాన్న."

"అదీ సంగతి," అన్నారాయన. పిచ్చుకల మాట ఎత్తలేదు.

ఇంటికి తెచ్చి చూసుకున్నాను.

బాగుంది. చాలా బాగుంది, దాని బతుకు చెడ. నాలుగడుగుల దూరం సరిగ్గా కుదిరింది. ఒక చెక్కిలి మీద మంచు వెలుతురు, ఇంకో చెక్కిలి మీద నీడ. స్టాండు లేకుండా చేత్తో పట్టుకుని తీసిందంటే ఎవరూ నమ్మరు. ముప్పై నాలుగేళ్ళలో నేనింత స్పష్టంగా ఎవరికీ కనబడలేదు. మాట్లాడేట్టున్నాను.

కళ్ళు మాత్రం... ఆ కళ్ళు నాన్ననే చూస్తున్నాయి. నిండా కోపం. ఇస్తావా ఇవ్వవా అని అడుగుతున్న కోపం.

అమ్మకి చూపించలేదు. చించబోయాను, చేతులు రాలేదు. ఆయన తీసిన ఆఖరి ఫోటో అది.

నాకు ఇంకో ఫోటో ఎవరూ తియ్యరు. నేను పోయిన రోజు ఈ ఊరివాళ్ళు దీన్నే నల్ల చట్రంలో పెట్టి, పూల మధ్య నిలబెట్టి, ఎంత బాగా వచ్చిందో అంటారు. వాళ్ళు చేతులు జోడిస్తుంటే, నేను వాళ్ళ తలల మీదుగా మా నాన్నని ఇంకా అలాగే కోపంగా చూస్తూ ఉంటాను.